మేకు నుంచి మేకు దాకా: లైప్‌జిగ్ ఉడ్‌కట్‌లను హైదరాబాద్‌లో చూపించిన నా అనుభవం

2024 మార్చి 4న హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు గ్యాలరీ నుంచి ఆహ్వానం వచ్చింది. 2025 మార్చి 14న రెండు పెట్టెలు లైప్‌జిగ్‌లోని మా స్టూడియోకు తిరిగి చేరాయి. ఈ రెండు తేదీల మధ్య ఏడాది పది రోజులు గడిచాయి, అందులో బొమ్మలు గోడ మీద ఉన్నవి 30 రోజులు. మిగిలిన కాలమంతా ఎలా గడిచిందో జర్మనీలో స్టూడియోల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళకూ, విదేశీ చిత్రకారులను పిలవాలనుకునే మన గ్యాలరీల వాళ్ళకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది మచిలీపట్నంలో. 2013లో లైప్‌జిగ్ వచ్చాను. ఆరేళ్ళుగా ఒక జర్మన్ చిత్రకారిణి స్టూడియోలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పేరు రాయవద్దని ఆమె కోరారు. మా స్టూడియో ఉన్నది 1884లో మొదలైన పాత నూలు మిల్లులో, ఊళ్ళో అందరూ ష్పిన్నెరై అని పిలిచే ఆవరణలో. ఆమె చేసేవన్నీ ఉడ్‌కట్‌లే, అంటే చెక్క పలక మీద బొమ్మ చెక్కి, దానికి రంగు పూసి కాగితం మీద తీసే అచ్చులు. లైప్‌జిగ్‌కు దక్షిణాన ఒకప్పుడు తవ్విన లిగ్నైట్ బొగ్గు గనులే ఆమె వస్తువు. ఆ గనుల కోసం ఊళ్ళను ఖాళీ చేయించారు, తరువాత గోతుల్లోకి నీళ్ళు వదిలి సరస్సులు చేశారు. 2000లో జనానికి తెరిచిన కోస్పూడెన్ సరస్సు అలాంటిదే. వేసవిలో మేమూ అక్కడ ఈత కొడతాం. ఆమె అమ్మమ్మ వాళ్ళ ఊరు అలాంటి గోతుల్లో ఒకదానిలో కలిసిపోయింది.

ప్రయాణ ఖర్చులకు ప్రభుత్వ నిధి ఒకదానికి ఏప్రిల్ 12న దరఖాస్తు పెట్టాం. 9,800 యూరోలు అడిగితే 5,000 మంజూరైనట్టు జులై 30న ఉత్తరం వచ్చింది. అందులో 4,000 ముందుగా, మిగిలిన 1,000 లెక్కలు అప్పజెప్పాక ఇస్తారు. పదిహేను వారాలకు పైగా ఎదురుచూడటం కష్టమే గాని, అంతకన్నా కష్టమైన నియమం మరొకటి ఉంది. మంజూరు ఉత్తరం చేతికి రాకముందు ఆ పని కోసం ఏ ఒప్పందం మీద సంతకం పెట్టినా, ఎవరికి బయానా ఇచ్చినా సాయం మొత్తం రద్దవుతుంది. మే నెలలో పెట్టెలు చేసే వడ్రంగి, ఇప్పుడు చెబితే సెప్టెంబరులో ఇస్తానని ఫోన్ చేశాడు. చెప్పలేకపోయాం. జులై చివర చెబితే పెట్టెలు చేతికొచ్చింది నవంబరులో. ప్రదర్శన తేదీని గ్యాలరీతో ఖాయం చేసుకునే ముందే ఈ నిరీక్షణను లెక్కలో వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు, మాకు తోచనూ లేదు.

ఆగస్టులో రవాణా సంస్థల ధరలు తెప్పించినప్పుడు పెద్ద దెబ్బ తగిలింది. ఆమె పెద్ద ప్రింట్లు రెండు మీటర్ల ఎత్తు, మీటరున్నర వెడల్పు ఉంటాయి. నాలుగింటినీ ఫ్రేములతో సహా నాలుగు పెట్టెల్లో పంపుదామనుకున్నాం. విమానంలో సరుకుకు అసలు బరువు, పరిమాణం బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చేది పరిమాణం బరువు. మా పెట్టె కొలతలు 215, 165, 45. కాగితం మీద లెక్క వేస్తే ఒక్కో పెట్టె 266 కిలోలు తేలింది, నాలుగూ కలిపితే టన్ను దాటింది. నిజానికి నాలుగూ తూకం వేస్తే 400 కిలోలు కూడా ఉండవు. గాలికి డబ్బు కట్టడమన్నమాట. రానూపోనూ 12,000 యూరోలకు పైన అడిగారు. ఆ సాయంత్రం ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, వద్దని రాసేద్దామా అని మాత్రం ఒకసారి అడిగారు.

మర్నాడు పొద్దున స్టూడియోకు వచ్చేసరికి ఆమె ఒక పెద్ద ప్రింటును ఫ్రేములోంచి తీసి, లావుపాటి అట్టగొట్టం చుట్టూ చుట్టి చూస్తున్నారు. జపాన్ కోజో కాగితం పీచు పొడవైనది, చుట్టినా విరగదు. అక్కడికక్కడే నిర్ణయమైంది. పెద్దవి నాలుగూ గొట్టానికి చుట్టి ఒక పెట్టెలో, చిన్నవి పదమూడూ పరిచి ఇంకో పెట్టెలో పెట్టి, పెద్దవాటిని ఫ్రేము లేకుండా అయస్కాంతాలతో గోడకు నిలిపి, చిన్నవాటికి హైదరాబాద్‌లోనే ఫ్రేములు కట్టిద్దామనుకున్నాం. వాటితో పాటు ఒక ప్రింటు తీసిన అసలు చెక్క పలకను కూడా పంపాలని ఆమె పట్టుబట్టారు. రెండు పెట్టెలూ కలిపి 166 కిలోల లెక్క వచ్చింది, ధర 3,150 యూరోలకు దిగింది. ఫ్రేము, గాజు లేకుండా ఆ ప్రింట్లను జనం ముందు పెట్టడం ఆమెకు అదే మొదటిసారి.

అక్టోబరు 9న ఏటీఏ కార్నె కోసం జాబితా తయారుచేశాను. ప్రదర్శనకు వెళ్ళి తిరిగివచ్చే వస్తువులకు సుంకం కట్టకుండా తీసుకువెళ్ళడానికి ఇచ్చే పత్రమిది. జర్మనీలో వాణిజ్య, పరిశ్రమల మండలి జారీ చేస్తుంది, భారత్‌లో దీనికి హామీదారు వాణిజ్య, పరిశ్రమల మండళ్ళ సమాఖ్య అయిన ఫిక్కీ. మొత్తం 18 వరుసలు, విలువ 39,850 యూరోలు. పెద్దవి ఒక్కోటి 7,500, చిన్నవి 450, పలక 4,000. కార్నె ఖర్చు 340 యూరోలు, బీమా 290. ఈ బీమాను జర్మన్లు 'మేకు నుంచి మేకు దాకా' అంటారు. ఇక్కడి గోడ మేకు మీంచి బొమ్మ దిగిన క్షణం నుంచి తిరిగివచ్చి అదే మేకుకు ఎక్కేదాకా బాధ్యత వాళ్ళదే. ఆ మాట నాకు ఎంతో నచ్చింది, అందుకే శీర్షికగా పెట్టుకున్నాను.

ఒక్కసారి జారీ అయ్యాక ఆ జాబితాలో కొత్త వస్తువు చేర్చడం కుదరదు. నవంబరు మొదటి వారంలో ఆమె రెండేళ్ళుగా చెక్కుతున్న పలక పూర్తయింది. తొలి ప్రింటు తీసి తాడు మీద ఆరేశాం. నా కంటికి ఆమె పనులన్నిటిలోనూ అదే గొప్పది. దీన్ని కూడా తీసుకువెళదామని ఆమె అన్నప్పుడు, లేదు, జాబితా అయిపోయిందని చెప్పాల్సి రావడం ఈ ఏడాదిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం. ఇంకొక నాలుగు వారాలు ఆగి దరఖాస్తు పెట్టి ఉంటే సరిపోయేది.

నవంబరు 19న వస్తువులన్నీ కస్టమ్స్ కార్యాలయంలో చూపించాం. వెళ్ళినదే తిరిగివచ్చిందని రేపు గుర్తుపట్టడం ఎలాగన్నది అక్కడి ప్రశ్న. ప్రింట్లంటే ఒకే పలక నుంచి వచ్చిన పన్నెండు ప్రతులు కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. కాగితం అడుగున పెన్సిలుతో రాసే 3/12 అన్న అంకె, దాని పక్కన సంతకం మమ్మల్ని గట్టెక్కించాయి. అధికారి ఒక్కొక్క కాగితం ఎత్తి, నా జాబితాలోని అంకెతో పోల్చి చూశారు. రెండింటి మీద సంతకం లేదు. ఆమె కోటు జేబులోంచి పెన్సిలు తీసి, ఆ మేజా మీదే, అధికారి ఎదుటే సంతకం చేశారు. చెయ్యి వణకడం నేను చూశాను. ఎక్కడెక్కడో అనుకుంటాం గాని, ఒక బొమ్మ పూర్తయ్యే క్షణం ఆ రోజు సుంకం కార్యాలయంలో వచ్చింది. పని మొత్తం 50 నిమిషాల్లో ముగిసింది.

డిసెంబరు 3న రవాణా గోదాము నుంచి ఫోన్ వచ్చింది. పెట్టెలు ప్లైవుడ్‌వి, వాటికి అభ్యంతరం లేదు. కాని ఫోర్క్‌లిఫ్ట్ పళ్ళు దూరడానికి అడుగున కొట్టిన దుంగలు మామూలు పైన్ కర్రవి, వాటి మీద గోధుమ కంకి ముద్ర లేదు. దేశాల మధ్య తిరిగే ముడి కర్ర ప్యాకింగ్‌ను లోపలి గుజ్జు దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచి ఆ ముద్ర వేయాలి, పురుగులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండా ఈ ఏర్పాటు. ప్లైవుడ్‌కు తయారీలోనే వేడి, జిగురు తగులుతాయి కాబట్టి మినహాయింపు ఉంది. పెట్టెను చూసి సరే అనుకున్నాం, దాని కాళ్ళను చూడలేదు. విమానం 10న. వడ్రంగి గోదాముకే వచ్చి దుంగలు ఊడదీసి, ప్లైవుడ్ ముక్కలు అతికించి బిగించేసరికి 7వ తేదీ అయింది, 140 యూరోలు అయ్యాయి. ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు.

పెట్టెలు డిసెంబరు 12న శంషాబాద్ చేరాయి. నేను ముందు రోజే దిగాను. 20 దాకా అవి బయటికి రాలేదు, దానికి కారణం నా జాబితాలోని ఒక్క మాట. పలక ఎదురుగా నేను 'ముద్రణ దిమ్మ, ప్లైవుడ్' అని రాశాను. చూసేవారికి అది కళాఖండమా, అచ్చు యంత్రానికి పనికొచ్చే పరికరమా అన్న సందేహం రావడం సహజం. 'చెక్కిన చెక్క ఫలకం, కళాకృతి, ప్రదర్శన కోసం' అని రాసి ఉంటే సందేహానికి తావుండేది కాదు. హైదరాబాద్‌లో మా కస్టమ్స్ పని చూసే ఏజెంటు సలహా మీద, ఈ పలకను తాను చేత్తో చెక్కానని, ఇది గోడకు పెట్టి చూపించే వస్తువని ఆమె సంతకంతో ఉత్తరం, పాత ప్రదర్శనలో అది గోడ మీద ఉన్న ఫోటో తెప్పించి ఇచ్చాను. అదృష్టవశాత్తు క్రిస్మస్ సెలవులు ఇంకా మొదలుకాలేదు, ఆమె గంటలో పంపగలిగారు. ఆ ఎనిమిది రోజులకు గోదాము అద్దె 21,300 రూపాయలు.

మరో విషయం ఇక్కడే చెప్పాలి. కార్నె ఏడాదిపాటు చెల్లుతుంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. దిగుమతి సమయంలో అధికారి కార్నె పుస్తకంలోని తెల్ల కాగితం మీద, ఫలానా తేదీలోగా తిరిగి పంపాలని చేతిరాతతో రాస్తారు. మాకు రాసిన తేదీ 2025 ఫిబ్రవరి 28. ఏజెంటు చేతిలోంచి ఆ పుస్తకం తీసుకొని చదివాను కాబట్టి తెలిసింది. జనవరి చివర గ్యాలరీవారు ఇంకో మూడు వారాలు పొడిగిద్దామని ప్రేమగా అడిగినప్పుడు వద్దని చెప్పగలిగింది అందువల్లే.

గ్యాలరీకి చేరిన పెట్టెలను వెంటనే తెరవలేదు. గది వేడికీ తేమకూ అలవాటు పడేలా 24 గంటలు మూసి ఉంచడం పద్ధతి. పెద్దవి నాలుగూ గోడకు నిలిపిన మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే, వాటిలో ఒకటి అడుగుభాగంలో అలలు అలలుగా లేచి ఉంది. గుండె ఆగినంత పనైంది. తేమ కొలిచే మీటరు చూస్తే పగలు 42 శాతం, తెల్లవారుజామున 64. రాత్రి తాళం వేసేటప్పుడు ఏసీ ఆపుతున్నారు, పొద్దున మళ్ళీ వేస్తున్నారు. కాగితానికి ఎక్కువ తేమ కన్నా ఈ ఎగుడుదిగుడే చేటు. డిసెంబరు నెల, చల్లగానే ఉంది కాబట్టి ఏసీ పూర్తిగా ఆపేయమని కోరాం. రెండు రోజులు కాగితాన్ని దించి, పరిచి, పైన బరువు పెట్టాం. చాలావరకు సర్దుకుంది, కింది ఎడమ మూలలో మాత్రం చిన్న అల మిగిలిపోయింది.

గోడ మీద వేసే పేర్లను తెలుగులోకి నేనే తెచ్చాను. పదిహేడు పేర్లు రెండు రోజుల్లో అయిపోయాయి, ఒక్కదాని దగ్గర మాత్రం వారం రోజులు ఆగిపోయాను. అది గని గోతిలో ఆగిపోయిన యంత్రం బొమ్మ, పేరు 'ఫైయరాబెండ్'. ఆ రోజుకు పని అయిపోయింది, ఇక కాలం మనది అన్న ఊరట ఆ జర్మన్ మాటలో ఉంటుంది. గని మూతపడ్డాక అదే మాట మరోలా వినిపిస్తుంది. 'పనివేళ ముగిసింది' అంటే నోటీసు బోర్డులా ఉంది, 'విశ్రాంతి' అంటే బొమ్మే పోతుంది. చివరికి మా అమ్మ ఫోన్‌లో మామూలుగా ఏదో చెబుతూ 'పని దిగే పొద్దు' అంది. అదే పెట్టాను.

జనవరి 4న ప్రారంభం. ఆ సాయంత్రం వచ్చినవారిలో ఎక్కువమంది ఒకరినొకరు చూసుకోవడానికి వచ్చినవారు, అందులో తప్పేమీ లేదు, లైప్‌జిగ్‌లోనూ అంతే. అసలైన చూపులు తరువాతి రోజుల్లో వచ్చాయి.

11వ తేదీన పెడన నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కలంకారీ అచ్చులు చెక్కే పనిలో నలభై ఏళ్ళు గడిపినవారు, కొడుకు ఇంటికి హైదరాబాద్ వచ్చి, మా మేనమామ చెబితే చూడడానికి వచ్చారు. ప్రింట్ల వంక ఒకసారి చూసి నేరుగా పలక దగ్గరికి వెళ్ళి వంగారు. "ఇది టేకు కాదు కదమ్మాయ్" అన్నారు. ప్లైవుడ్ అండీ అన్నాను. ముట్టుకోవచ్చా అని అడిగారు. చిత్రకారిణి సరే అన్నట్టు తలూపారు. ఆయన చూపుడువేలి గోటిని ఒక గాడి వెంట నెమ్మదిగా నడిపి, మధ్యలో ఒకచోట ఆగి, ఇక్కడ ఉలి మార్చారు కదా అన్నారు. నేను జర్మన్‌లో చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. నిజంగానే అక్కడ ఉలి విరిగి, వేరేది తీసుకున్నారట.

తరువాత ఆయన పలకను వంగి వెనక నుంచి కూడా చూసి, "మరి గాలి పోవడానికి కన్నాలేవీ?" అని అడిగారు. పెడన అచ్చుకు వెనక నుంచి కన్నాలు వేస్తారు, అచ్చును బట్ట మీద అదిమినప్పుడు గాలి, ఎక్కువైన రంగు వాటిలోంచి పోతాయి. ఆమె ఖాళీ కాగితం ఒకటి తెప్పించి, పలక మీద పరచి, చెంచా వెనకభాగంతో రుద్దినట్టు చేసి చూపించారు. ఆయన కాసేపు ఆలోచించి, "ఓహో, మా దగ్గర అచ్చు బట్ట మీదికి పోతుంది, మీ దగ్గర కాగితమే అచ్చు దగ్గరికి వస్తుంది" అన్నారు. పన్నెండు ప్రతులే ఎందుకు తీస్తారు, ఇంకా వెయ్యి వస్తాయి కదా అని కూడా అడిగారు. ఆమె ఇచ్చిన సమాధానం ఆయనకు నచ్చలేదు. నాకు కూడా తెలుగులో చెబుతున్నప్పుడు అది అంత బలంగా వినిపించలేదు. ఇద్దరూ గంటన్నర కూర్చున్నారు. మధ్యలో నా అనువాదం కోసం ఎదురుచూడటం కూడా మానేశారు.

19న ఆదివారం గోదావరిఖని నుంచి సింగరేణిలో రిటైరైన ఒకాయన భార్యతో వచ్చారు. 'పని దిగే పొద్దు' ముందు నిలబడి, "ఇది మా ఓసీ లెక్కనే ఉన్నది" అన్నారు. ఓసీ అంటే ఓపెన్ కాస్ట్ గని. వెనక కనిపించే, బొగ్గు కోసం తవ్విపోసిన మట్టిదిబ్బలను ఓబీ గుట్టలని పేరుపెట్టి చూపించి, ఊరు ఏ వైపు ఉండేదని అడిగారు. చిత్రకారిణి బొమ్మలో వేలు పెట్టి చూపించిన చోట నల్లరంగు తప్ప ఏమీ లేదు. ఆయన భార్య ఆమె చెయ్యి పట్టుకున్నారు.

ఆయన ఒక చిన్న ప్రింటు కొనుక్కుంటానన్నారు. అమ్మలేం. కార్నె మీద వచ్చిన వస్తువు తిరిగి వెళ్ళి తీరాలి, ఇక్కడ ఉంచితే సుంకం, దాని తరువాత తతంగం వేరు. "గింత దూరం తెచ్చి మళ్ల వాపసు కొంటవోతరా?" అని ఆయన అడిగినప్పుడు నియమాలు చెప్పాల్సి రావడం సిగ్గుగా అనిపించింది. అమ్మదలచినవాటిని కార్నెలో కలపకుండా మామూలు దిగుమతిగా వేరే తెచ్చుకోవాలి. మాకు ఆ ఆలోచన రాలేదు. మే నెలలో అదే పలక నుంచి వేరే ప్రతిని ఆమె పార్సిల్‌లో పంపారు, సుంకంతో సహా ఖర్చు తానే భరించారు.

ఫిబ్రవరి 2న ప్రదర్శన ముగిసింది. 24న తెల్ల కాగితం మీద ఎగుమతి ముద్ర పడింది. ఆ ముద్ర, తేదీ, ప్రతి వరుస అంకె ఉన్నాయో లేదో నేనే పేజీ పేజీ చూసుకొని ఫోటో తీసుకున్నాకనే శంషాబాద్ నుంచి కదిలాను. మార్చి 6న జర్మనీలో పసుపు కాగితం మీద తిరుగు దిగుమతి ముద్ర పడింది. తరువాతి ఎనిమిది రోజులు, చాలామంది సరుకు కలిపి తెచ్చే బండి కోసం ఆగాం. వేరే బండి పెట్టుకుంటే మర్నాడే వచ్చేవి, ధర మూడు రెట్లు.

ఖర్చు మొత్తం సుమారు 7,500 యూరోలు. రవాణా, కార్నె, బీమా పోగా పెట్టెలకు 980, దుంగలకు 140, పదమూడు ఫ్రేములకు 33,800 రూపాయలు, హైదరాబాద్ ఏజెంటుకు 38,000 రూపాయలు, గోదాము అద్దె, మా ఇద్దరి టికెట్లకు 1,500 యూరోలు. బస గ్యాలరీవారే ఇచ్చారు. నిధి ఇచ్చిన 5,000 పోను మిగిలింది ఆమె సొంత డబ్బు.

జూన్‌లో లెక్కలు పంపితే, ఒక రసీదు ఏ భాషలో ఉందో, దేనికో చెప్పమని నిధి కార్యాలయం అడిగింది. గ్యాలరీలో పెట్టెలు దించినవారు నోటుపుస్తకం కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చిన 4,500 రూపాయల హమాలీ రసీదు అది. నేను జర్మన్‌లోకి అనువదించి, పక్కన తెలుగు మాటను కూడా రాసి పంపాను. ఆఖరి 1,000 యూరోలు ఆగస్టు 19న జమ అయ్యాయి. అల మిగిలిన ఆ పెద్ద ప్రింటును సరిచేయించడానికి ఆమె ఒప్పుకోలేదు. స్టూడియోలో పాత మేకుకే, ఫ్రేము లేకుండా, అలాగే వేలాడుతోంది.